అలల కొలనులో ఆదివారం

"రాజారావు సార్ వాళ్ల మిసెస్ స్విమ్‌సూటే ఏసుకుంటదట. నువ్వు చీర కట్టుకోని ఒడ్డుకు కూసుంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

పులిహోర డబ్బాకు మూత బిగిస్తున్న నా చేతులు ఆగిపోయాయి. నా భర్త భానుప్రకాశ్ మంచం మీదికి ఒక కవరు విసిరాడు. అందులో నల్ల నైలాన్ స్విమ్‌సూట్. చేతులు లేవు, మోకాళ్ల పైకే ఆగిపోయింది. రాజారావుగారు అతని బాస్. ఆ రోజు ఆఫీసు వాళ్లంతా కుటుంబాలతో శామీర్‌పేట దగ్గర కొత్తగా వచ్చిన రిసార్టుకు వెళ్తున్నారు. అక్కడ ఒక కొలను చుట్టూ ఇసుక పోసి, మోటార్లతో అలలు లేపి, దానికి బీచ్ అని పేరు పెట్టారు. చీరలతో, పంజాబీ డ్రెస్సులతో నీళ్లలోకి రానివ్వరు.

నాకు భయమేసింది. ఆ బట్టలను చూసి కాదు, అతన్ని చూసి. ఐదేళ్ల కిందట, 2009లో, పెళ్లయిన కొత్తలో విశాఖపట్నం తీసుకెళ్లాడు. అల వస్తుంటే కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకున్నాను. "పిక్కలు కనవడ్తున్నయ్, దించు" అన్నాడు పళ్లు కొరుకుతూ. దించాను. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుని నీళ్లలో బోర్లా పడ్డాను. గదికి వచ్చాక, నలుగురిలో పరువు తీశావంటూ గాజుగ్లాసు గోడకేసి కొట్టాడు. నన్నెప్పుడూ కొట్టలేదు. కానీ అప్పటి నుంచి అతను మాట్లాడుతుంటే నేను ముఖం చూడను, చేతులు చూస్తాను. అప్పుడు పిక్కలు కనబడకూడదన్న మనిషి ఇప్పుడు తొడలు కనబడాలంటున్నాడు. రెండూ అతని ఇజ్జత్ కోసమే. సాయంత్రానికి ఆ ఇజ్జత్ ఎటు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు?

నిజానికి నాకు ఈత వచ్చు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇల్లు మాది. మా అమ్మ మైసమ్మ చీరను గోచీ పోసి కట్టి, వల చిక్కుపడ్డ చోటికి మగవాళ్లతో సమానంగా ఈదేది. ఆమె కాళ్లు ఎవరికీ వింతగా అనిపించలేదు. లంగా జాకెట్టుతో నేను ఆమె వెనకే ఈదేదాన్ని. నాకు పన్నెండేళ్లు వచ్చేసరికి కట్ట మీద పట్నం కార్లు ఆగడం మొదలైంది. సీసాలతో దిగినవాళ్లు మమ్మల్ని చూసి ఈలలు వేశారు. "ఇగ చెరువుల దిగకు బిడ్డా" అంది అమ్మ. ఈలలు వేసినవాళ్లను ఎవరూ ఏమీ అనలేదు.

రిసార్టులో బట్టలు మార్చుకున్నాక తువ్వాలు చుట్టుకుని చాలాసేపు ఆ గదిలోనే నిలబడ్డాను. నాలుగేళ్ల నా కూతురు శ్రీనిజ పువ్వుల ఈతడ్రెస్సులో నా చెయ్యి పట్టి లాగింది. బయట భానుప్రకాశ్ మగవాళ్లతో గొడుగుల కింద, అటు తిరిగి కూర్చున్నాడు. తువ్వాలు తీసేసి గబగబా నీళ్లలోకి దిగాను.

పాప పొట్ట కింద చెయ్యి పెట్టి తేలించాను. "ఇడువు మమ్మీ, నేనే ఈదుత!" అని కాళ్లు టపటపా కొట్టింది. తర్వాత దాన్ని రాజారావుగారి భార్య దగ్గర కూర్చోబెట్టి, కొలను ఆ చివరి దాకా ఒక్క ఊపున ఈదాను. కాసేపు నాకు ఎవరూ గుర్తు రాలేదు. తల పైకెత్తేసరికి రాజారావుగారు చప్పట్లు కొడుతున్నారు.

"భానూ, మీ మిసెస్ మస్తు ఈదుతున్నరయ్యా!"

భానుప్రకాశ్ నవ్వాడు. పెదవులు మాత్రమే నవ్వాయి.

కారు కొంపల్లిలోని మా ఇంటి వైపు వెళ్తోంది. నేను లోపల జవాబులు పేర్చుకుంటున్నాను. మీరే వేసుకోమన్నారు కదా అనాలి. వద్దు, అలా అంటే ఇంకా రేగుతాడు. తప్పయిందంటే? ఏం తప్పు చేశానని? అయినా అదే అనేస్తే ఈ పూట గడిచిపోతుందేమో.

ఇంట్లోకి రాగానే తలుపు గడియ పెట్టాడు.

"ఏసుకొమ్మన్న. గందరి ముందట గంత దూరం ఈదుమన్ననా? ఎవనికి చూపియ్యనీకి?"

తడిబట్టల సంచిని గుండెకు అదుముకున్నాను.

"అడుగుతున్న, చెప్పవేందే?"

తప్పయిందనబోయాను. అంతలో సోఫా వెనక నుంచి శ్రీనిజ సన్నటి గొంతు వినిపించింది.

"డాడీ, నేనైతే నీళ్లల్ల దిగలే. ఊకె కూసున్న."

దాని జుట్టు ఇంకా తడిగానే ఉంది. అబద్ధం చెప్పమని ఎవరూ దానికి నేర్పలేదు. ఇన్నాళ్లూ నన్ను చూసి నేర్చుకుంది.

వెళ్లి దాన్ని చంకనెత్తుకున్నాను. అతని పక్క నుంచే నడిచి, తలుపు గడియ తీసి బార్లా తెరిచాను. ఎదురింటి వాళ్లకు కూడా వినపడేంత గట్టిగా అన్నాను:

"దిగింది. నేనే దింపిన. మళ్ల దింపుత."