లెక్కల టీచరుగారి అమ్మాయి

ఆ వీధిలో ఎవరి పిల్లలకి లెక్కలు రాకపోయినా లెక్కల టీచరుగారి ఇంటికే పంపేవారు. ఆవిడ చేతిలో పడితే రాయికి కూడా ఎక్కాలు వస్తాయని పేరు. అలాంటి ఆవిడ సొంత కూతురు ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో రెండోసారి కూడా చతికిలబడింది. ఏడాదంతా తల్లే దగ్గర కూర్చోబెట్టుకుని చదివించినా, మార్కులు మొదటిసారి కంటే తగ్గాయి. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందని ఎవరూ ఆవిడ మొహం మీద అనలేదు. అనకపోయినా ఆవిడకి వినబడుతూనే ఉంది.

కూతురి ముద్దుపేరు ఉడుత. ఆ పేరు పెట్టింది తాతయ్య. పిల్ల చేతులు క్షణం ఊరుకోవు. సబ్బుముక్క దొరికితే ఏనుగవుతుంది, సుద్దముక్క దొరికితే పడవవుతుంది. సుద్దలన్నీ పాడు చేస్తోందని తల్లి చేత తిన్న మొట్టికాయలకి లెక్కే లేదు.

ఫలితాలు వచ్చిన మర్నాడు ఇంట్లో సభ తీరింది. బస్సు డిపోలో స్టోరు చూసుకునే తండ్రి, "మా డిపోలో పనికి మనుషులు కావాలంటున్నారు, అడిగి చూడనా?" అన్నాడు. మేనత్త ఫోన్లోంచి, "ఏదో ఒక డిగ్రీలో చేర్పించండి వదినా, పడుంటుంది" అంది. టీచరుగారు రెండూ విననట్టే, "ఇంకో ఏడాది కోచింగు" అని తేల్చేసింది.

"మూడోసారా!" అని తాతయ్య గావుకేక పెట్టాడు.

ఆ కేకకి ఆయన కింది పళ్ళసెట్టు నోట్లోంచి ఎగిరి గచ్చు మీద పడి రెండు ముక్కలైంది. ఆయన ఇంకా ఏదో వాదించబోయాడు గానీ 'స'లన్నీ 'హ'లైపోయి ఎవరికీ అర్థం కాలేదు. ఉడుత ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది.

"ఏడుపెందుకే? మూడోసారి కాదు, ఇదే ఆఖరిసారి" అంది టీచరుగారు, గొంతు తగ్గించి. "ముందు తాతయ్యని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. వచ్చాక పుస్తకాలు తీద్దాం."

ముక్కల్ని రుమాల్లో మూటగట్టుకుని తాతా మనవరాలు బయల్దేరారు.

మధ్యాహ్నం దాటింది. వాళ్ళు రాలేదు. టీచరుగారు పిల్లల చేత భిన్నాలు చేయిస్తూ గుమ్మం వైపు చూస్తోంది. కూతురికి ఫోన్ చేస్తే స్విచాఫ్. మామగారికి చేస్తే గూట్లోనే మోగింది. క్లినిక్ నంబరుకి చేస్తే ఎంతసేపటికీ ఎత్తలేదు. ఒక పిల్లాడు లెక్క తప్పు చేసి చూపిస్తే, ఎన్నడూ లేనిది దానికే టిక్కు పెట్టేసింది.

"ఇవాళ్టికి చాలు, పొండి" అని పిల్లల్ని పంపేసి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

పరీక్ష పోయిన పిల్లల గురించి ఎక్కడెక్కడో విన్నవన్నీ ఆవిడ వెంట నడిచాయి. పెద్దాయన పక్కనున్నాడు కదా, ఏమవుతుందిలే అని తనకి తానే చెప్పుకుంది. 'ఆయన్ని అక్కడ కూర్చోబెట్టి తనొక్కతే ఎటైనా వెళ్తే?' అని మనసు ఎదురడిగింది. వంతెన మీదకి రాగానే, వద్దనుకుంటూనే కమ్మీల మీంచి కిందికి చూసింది. కింద నీళ్ళు ఎప్పట్లాగే పారుతున్నాయి. అలా చూసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అక్కణ్ణుంచి దాదాపు పరుగే.

క్లినిక్‌లో కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి, "తాతగారూ మనవరాలేనా? వెనక ల్యాబులో ఉన్నారండీ" అంది తల కూడా ఎత్తకుండా.

వెనక గది తలుపు తీసే ఉంది. కిటికీ కింద పొడుగాటి బల్ల, దాని మీద వరసగా తెల్లటి ప్లాస్టరు దవడలు, ఒక స్పిరిటు దీపం. తాతయ్య కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి గుర్రు పెడుతున్నాడు. బల్ల ముందు ఉడుత. ముక్కుకి మాస్కు, ఎడమ చేతిలో మైనం దిమ్మ, కుడి చేతిలో సన్నటి చాకు. కనుబొమలు ముడిచి, దవడ పన్ను చెక్కుతోంది. తల్లి వచ్చి నిలబడిందని కూడా తెలియలేదు.

టీచరుగారు తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆ వెంటనే కోపం వచ్చింది.

"ఫోనెందుకు కట్టేశావే?"

ఉడుత ఉలిక్కిపడింది. "అందరూ ఎన్ని మార్కులని అడుగుతున్నారమ్మా. అందుకని."

టీచరుగారు చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

ల్యాబు నడిపే ఆవిడ ప్లాస్టరు పొడి అంటిన చేతులు దులుపుకుంటూ లేచి స్టూలు జరిపింది. "కూర్చోండి టీచరుగారూ. మీ మామగారి సెట్టు అతికించాను, ఆరుతోంది. ఊరికే కూర్చుంటే తోచదని మీ అమ్మాయికి మైనమిచ్చాను. ఇంతకుముందు ఎక్కడైనా నేర్చుకుందా?"

"సుద్దముక్కల మీద" అంది టీచరుగారు నీరసంగా.

ఆవిడ నవ్వింది. తనూ ఒకప్పుడు అదే పరీక్ష రాసి గట్టెక్కలేదనీ, తర్వాత కట్టుడు పళ్ళు తయారుచేసే డిప్లొమాలో చేరాననీ చెప్పింది. రెండేళ్ళ కోర్సు. ఇంటరు పాసైతే చాలు, ప్రవేశ పరీక్ష మార్కులు అడగరు. చేతిపని చూసి సీటిస్తారు.

టీచరుగారు వెంటనే మెత్తబడలేదు. రెండేళ్ళయ్యాక ఏమిటి? పై చదువుకి దారుందా? ఆ పొడి వాసన ఊపిరితిత్తులకి మంచిదేనా? ల్యాబావిడ ఒక్కొక్కదానికీ ఓపిగ్గా చెప్పింది. పై చదువుంది గానీ అందరికీ సీటు రాదు. పొడికి మాస్కూ, గాలి లాగే మిషనూ తప్పనిసరి. మెడనొప్పి మాత్రం ఖాయం. దాచకుండా చెప్పినందుకు టీచరుగారికి ఆవిడ మీద గురి కుదిరింది.

తాతయ్యని నిద్రలేపి, సెట్టు పెట్టించి, ఆటో ఎక్కించి పంపేశారు. తల్లీకూతుళ్ళు నడిచి బయల్దేరారు. వంతెన దాటారు.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు" అంది టీచరుగారు. "మళ్ళీ ఆ పరీక్ష రాయాలని ఉందా నీకు?"

"లేదు."

"ఎప్పట్నుంచి?"

ఉడుత తల దించుకుని కొంతదూరం నడిచింది. "మొదటిసారి కూడా లేదమ్మా. నువ్వు పనంతా మానుకుని నా పక్కన కూర్చుంటుంటే ఎలా చెప్పను? రాత్రి నేను పడుకున్నాననుకుని నువ్వు ఏడ్చేదానివి. నేను విన్నాను."

"నువ్వూ ఏడ్చేదానివి కదే. నేనూ విన్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏడాది పాటు ఒకే గోడకి చెరోవైపు పడుకుని, ఒకళ్ళ కోసం ఒకళ్ళు నిద్ర నటించారన్నమాట. టీచరుగారికి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. దారిన పోయేవాళ్ళు చూస్తున్నా లెక్కచేయక, కూతురి భుజం పట్టుకుని కళ్ళ నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

"మరి పద" అంది చివరికి. "మీ నాన్నకి నేను చెబుతాను. మీ మేనత్తకి మాత్రం నువ్వే చెప్పుకో, నా వల్ల కాదు."

చేతిపని పరీక్ష ఆ నెలాఖరులోనే జరిగింది. బస్సులో గంట ప్రయాణం. పిల్లలందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి మైనం దిమ్మలూ చాకులూ ఇచ్చారు. టీచరుగారు బయట బెంచీ మీద కూర్చుని కిటికీ అద్దంలోంచి చూసింది. పోయిన ఏడాది పరీక్ష హాలు గేటు దగ్గర ఇదే పిల్ల మొహంలో నెత్తురుచుక్క లేకపోవడం ఆవిడకి తెలుసు. ఇప్పుడు పక్కపిల్ల చాకు జారవిడిస్తే వంగి తీసిచ్చి, ఏదో జోకు కూడా వేస్తోంది.

సాయంత్రానికి సీటొచ్చినవాళ్ళ పేర్లు చదివారు. ఉడుత పేరు మధ్యలో ఎక్కడో వచ్చింది. మొదట్లో లేదు, చివరా లేదు. జీవితంలో మొదటిసారి టీచరుగారు ఎన్నో స్థానమని అడగలేదు. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమండీ, వచ్చింది" అంది.

అవతల ఉడుత తండ్రి, "హమ్మయ్య" అన్నాడు. "నువ్వేమైనా తిన్నావా?"

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి, పొద్దుట్నుంచి ఏమీ తినలేదని. బస్టాండు దగ్గర కొనుక్కున్న బిస్కెట్లు ఇద్దరూ పంచుకుని తిన్నారు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీట్లు దొరికాయి. కోర్సు మొదలయ్యేలోగా ఏమేం కొనాలో ఉడుత గుక్కతిప్పుకోకుండా చెబుతోంది. సగంలో జవాబు రాలేదు. చూస్తే, తల్లి తల తన భుజం మీద వాలిపోయి ఉంది.

ఇంత గాఢంగా అమ్మ నిద్రపోవడం ఉడుత చాలాకాలంగా చూడలేదు. వాళ్ళ స్టాపు వచ్చింది. కండక్టరు స్టాపు పేరు చెప్పి అరిచాడు. ఉడుత లేవబోయి, మళ్ళీ సర్దుకుని కూర్చుంది.

"దిగరా?" అన్నాడు కండక్టరు.

"చివరి స్టాపుకి రెండు టికెట్లివ్వండి" అంది ఉడుత, మెల్లగా.