పాత విండోలో కొత్త తెర

“పాతదంతా తీసి పారేసి మొదటికెల్లి రాయాలె. గంతే.” కుక్కర్ మూత బిగిస్తున్న అక్షత వెనక నిలబడి రితేష్ అన్నాడు. చిరాగ్‌పల్లి పప్పు మిల్లు ఓనరు ఇంద్రసేన సేటుకు తూకం సాఫ్ట్‌వేర్‌లో కొత్త తెర కావాలట. అందులో లారీ ఫొటో రావాలట, బరువును బట్టి రంగు పట్టీ పైకి లేవాలట. కందుల లారీలు మొదలయ్యేలోపే ఇవ్వాలట. రాయాలన్నాడే గాని ఎవరు రాయాలో మొగుడు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. జహీరాబాద్ బజార్లో కంప్యూటర్ షాపు అతనిది. ఆ షాపు పేరుతో అమ్ముడుపోయే ప్రోగ్రాములన్నీ ఈ ఇంట్లో, వంటగది పక్క గదిలో పుట్టినవే. ఎవరైనా అడిగితే “మా ఇంటామె జర టైంపాస్‌కు చేస్తది” అంటాడు. టైంపాస్ చేసి చేసి ఆమెకు మెడనొప్పి పట్టుకుంది.

ఆ పాత ప్రోగ్రాం పెళ్లయిన కొత్తలో అక్షత రాసిందే. బూడిదరంగు విండో, నాలుగు డబ్బాలు, అందచందాలేమీ లేవు. కాని కాంటా నుంచి వచ్చే వైరుతో దానికి కుదిరిన స్నేహం ఇన్నేళ్లలో ఒక్కనాడూ చెడలేదు. దాన్నే ఇప్పుడు పారేయమంటున్నాడు. కర్ణాటక సరిహద్దులోని పుట్టినూరు న్యాల్‌కల్ నుంచి ఈ ఇంటికి వచ్చిన రోజు అత్త భాగీరథి కూడా ఇట్లాగే అంది. “న్యాల్‌కల్ అలవాట్లన్ని ఆడ్నే ఇడిసిపెట్టు పిల్లా. గా కన్నడం మా ఇంట్ల నడ్వది.” విడిచిపెట్టింది. తల్లితో ఫోనులో కూడా తెలుగే మాట్లాడింది. కొత్తచోట నిలవాలంటే పాత మనిషిని చంపుకోవాల్సిందేనని అందరూ అంత నమ్మకంగా చెబుతుంటే కాదనడానికి ఆమె దగ్గర ఒక్క రుజువూ లేకపోయింది.

ఈసారి మాత్రం పారేయకుండా దారి వెతికింది. పాత ఫ్రేమ్‌వర్క్‌తో కట్టిన విండో మధ్యలో ఒక ఖాళీ చట్రం పెట్టి, అందులో కొత్త ఫ్రేమ్‌వర్క్‌తో గీసిన తెరను కూర్చోబెట్టవచ్చని చదివింది. మధ్యాహ్నం అత్త కునుకు తీసే వేళ రన్ నొక్కింది. బూడిదరంగు నడుమ పచ్చటి పట్టీ వచ్చి కూర్చుంది. కాని ఎంటర్ నొక్కితే కొత్త తెరలోకి పోయిన కర్సర్ బయటికి రానని మొరాయించింది. తప్పు తనదే. మిల్లులో కాంటా దగ్గర కూర్చునే రోజా మౌస్ ముట్టదు. ఒక చేతిలో డ్రైవరు ఇచ్చిన చీటీ, రెండో చేత్తో అంకెలూ ఎంటరూ, అంతే ఆమె పని. కొత్త తెర సోకులో పడి ఆ చేతిని మరిచిపోయినందుకు అక్షత తనను తానే తిట్టుకుంది. తనకందిన ఎంటర్‌ను కొత్త తెర పాత విండోకు అప్పగించేలా కొన్ని లైన్లు రాసి, మళ్లీ రన్ నొక్కింది.

పరీక్ష కోసం తానే పంపిన బరువు పాత డబ్బాలో అంకెగా పడింది. ఆ వెంటే కొత్త తెరలో పట్టీ లేచింది. ఎంటర్, ఎంటర్, ఎంటర్. కర్సర్ పాతలోంచి కొత్తలోకి, కొత్తలోంచి పాతలోకి ఎక్కడా తట్టుకోకుండా నడిచిపోతోంది. అక్షతకు ఒళ్లు జలదరించింది. ఆ రెండూ పుట్టిన కాలాలు వేరు, గీసే తీరు వేరు. అయినా మీట నొక్కిన కబురు రెండింటికీ ఒకే వరసలో అందుతోంది. పాతది కొత్తదాన్ని నాలాగే ఉండమనలేదు, కొత్తది పాతదాన్ని తుడిచేయలేదు. ఇద్దరూ ఇంత మర్యాదగా ఒకచోట ఉండొచ్చా? దానికి కావలసింది ఒక చట్రమూ కొన్ని లైన్లేనా? ఇన్నేళ్లూ ఎవరూ ఎందుకు చెప్పలేదు? “ఎష్టు చెంద!” అంది పైకే, ఎంత అందంగా ఉందో అని. ఈ ఇంట్లో ఆమె నోటి వెంట వచ్చిన మొదటి కన్నడ మాట అది. అత్త లేచిందేమోనని కూడా చూడలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ ఎంటర్ నొక్కింది.

సాయంత్రం రితేష్ వచ్చి చూశాడు. “అరె, మస్తుగుంది! పెన్‌డ్రైవ్‌ల ఏసియ్యి, రేపు పొద్దుగాల పోయి పెట్టొస్త. గీ రెండు ఎట్ల కలిపినవో జర చెప్పు. సేటు అడిగితే చెప్పాలె గద.”

చెప్పబోయి ఆగింది. ఎప్పుడూ చెప్పి పంపేది. అతను అక్కడ కుర్చీలో వెనక్కి వాలి అవే మాటలు తనవిగా చెప్పి వచ్చేవాడు. మధ్యాహ్నం తనను కుదిపేసిన ఆ వింతను మాత్రం ఇంకొకరి నోట పెట్టి పంపడానికి ఆమెకు మనసు రాలేదు.

“రేపు నేనే పోత” అంది. “రోజా పక్కన కూసొని నేనే చూపిస్త. సేటు అడిగితే నేనే చెప్త.”

రితేష్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. “అన్ని నువ్వే చెప్తే, మరి సేటు నన్నేమనుకుంటడు?”

“నా మొగుడనుకుంటడు” అంది అక్షత.