నా వీపు మీద పడని ముద్ర

నేను ఒక పట్టాను. పొలం పట్టా అనుకుని మర్యాదగా లేచి నిలబడకండి, నా వెనక సెంటు భూమి కూడా లేదు. నేను బి.ఎడ్. పట్టాను. గెడ్డం దయామణి అనే అమ్మాయి పిల్లలకు లెక్కలు చెప్పడానికి అర్హురాలని పెద్దలు ఒప్పుకున్నట్టు నా మీద అచ్చయి ఉంటుంది. గోడకెక్కి గర్వంగా బతికే పట్టాలను చూశాను. నేను మాత్రం పుట్టినప్పటి నుంచీ భయపడుతూనే బతికాను, ఆ మాట దాచుకోవలసిన పనేమీ లేదు.

యూనివర్సిటీ ప్రెస్సులో పుట్టాను. ఉపకులపతి గారి సంతకం నా మీద ఉంది గానీ ఆయన నా ముఖం ఎన్నడూ చూడలేదు, ఆ సంతకం కూడా అచ్చులోదే. పుట్టాక ఏడాదిన్నర ఒక గుమాస్తా గారి బల్ల పక్కన కట్టలో పడి ఉన్నాను. ఆయన రోజూ టీ గ్లాసు తెచ్చి మా కట్ట మీదే పెట్టేవాడు. నా పైనున్న కాగితానికి గుండ్రటి మరక పడింది. రేపు దాన్నెవరో పట్టుకుపోతే ఆ గ్లాసు కింద నేనేగా అని వణికిపోయేదాన్ని. నా మొదటి భయం అదే.

దయామణి వచ్చి నన్ను తీసుకున్న రోజున చున్నీకి రెండు చేతులూ తుడుచుకుని మరీ పట్టుకుంది. వాళ్ళ ఊరు గోదావరి పాయల మధ్య ఒక లంక. బస్సు దిగి పడవ ఎక్కాలి. అంత నీటిని చూడటం నాకు అదే మొదలు. కాగితం పుట్టుక పుట్టినవాళ్ళకు నీళ్ళంటే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇంట్లో ఉన్నది తల్లి సువార్తమ్మ ఒక్కతే. భర్త పోయాక గల్ఫుకు వెళ్ళి, ఎవరింట్లోనో ఆరేళ్ళు అంట్లు తోమి, వంట చేసి కూతుర్ని చదివించింది. ఒక రకంగా ఆ ఆరేళ్ళే నేను. ఆమెకు చదువు రాదు. "ఇందులో నీ పేరెక్కడుందే?" అని అడిగి, కూతురు చూపించిన చోట వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

అంతకు ముందటేడు వరదలో దయామణి పదోతరగతి సర్టిఫికెట్ తడిసి ముద్దయింది. సువార్తమ్మకు ఆ దిగులు పోలేదు. మర్నాడు కూతురికి చెప్పకుండా నన్ను అమలాపురం తీసుకువెళ్ళి లామినేషన్ చేయించేసింది. చేయించకూడదని నన్నుంచిన కవరు మీదే అచ్చేసి ఉంది, ఆమె చదవగలిగితే కదా! సలసల కాగే రెండు రోలర్ల మధ్య నన్ను తోశారు. బయటికి వచ్చేసరికి ముందూ వెనకా ప్లాస్టిక్ అంటుకుపోయి ఉంది. కూతురు చూసి నెత్తి కొట్టుకుంది గానీ తల్లిని ఒక్క మాట అనలేదు. తరవాత నన్ను సంచిలో పెట్టి దూలానికి వేలాడగట్టారు. వరద వచ్చే లంకల్లో సర్టిఫికెట్లకు దూలం కంటే భద్రమైన చోటు లేదు.

అలా ఏడేళ్ళు వేలాడాను. దయామణి టౌనులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. ఎండాకాలం వస్తే కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, మీ పిల్లల్ని మా బడిలో చేర్పించండని బతిమాలేది. బడి యజమాని ఆమెను "ఏమ్మాయ్" అనే పిలిచేవాడు. ఒకరోజు ఆమె ఫోనులో ఒక ప్రకటన వచ్చింది. సముద్రం మధ్య ఒక దీవి దేశంలో లెక్కల టీచర్లు కావాలట. రోజుకు నాలుగే పీరియడ్లు, ఉండటానికి ఇల్లు, రానూపోనూ టికెట్టు, అన్నీ కాకినాడలోని ఒక కాంట్రాక్టరు చూసుకుంటాడట.

లెక్కల మనిషి కదా, నోటుపుస్తకం వెనక పేజీలో నిలువుగా గీత గీసింది. ఒక పక్క 'వెళ్తే' అనీ, రెండో పక్క 'ఉంటే' అనీ రాసుకుంది. 'వెళ్తే' కింద వరసగా తొమ్మిది మాటలు పడ్డాయి. వాటిలో మొదటిది 'మర్యాద'. 'ఉంటే' కింద 'అమ్మ' అనీ, 'డీఎస్సీ' అనీ రెండే. డీఎస్సీ అంటే సర్కారు బడిలో టీచరు ఉద్యోగానికి పరీక్ష, అది ఎప్పుడు పడితే అప్పుడు నన్ను తీసుకువెళ్ళి చూపించాలి. చివరికి 'భయం' అనే మాట ఏ పక్క రాయాలో తెలియక సరిగ్గా గీత మీద రాసింది. ఆ పుస్తకాన్ని నా సంచిలోనే పెట్టుకుని తిరిగింది కాబట్టి నాకు తెలుసు.

కాకినాడలో ఆ ఆఫీసు ఒక మేడ మీద ఉంది. గోడకు పెద్ద బొమ్మ, అందులో నీళ్ళు, నీళ్ళ ఒడ్డున కొబ్బరిచెట్లు. మా లంకలో తలుపు తీస్తే కనిపించేది అదే. మనిషి కొబ్బరిచెట్ల నుంచి కొబ్బరిచెట్లకు వెళ్ళడానికి ఇంత తాపత్రయం ఏమిటో అనుకున్నాను. కాంట్రాక్టరు వర్ధన్ గారు ఇస్త్రీ చొక్కాలో నవ్వుతూ కూర్చున్నాడు. నాలుగు ప్రశ్నలడిగి, మీలాంటి టీచరు కోసమే చూస్తున్నాం మేడం అన్నాడు. ఏడేళ్ళలో ఆమెను మేడం అన్నవాడు అతనే మొదలు.

"వెరిఫికేషన్‌కి ఒరిజినల్ ఒక్క వారం మా దగ్గరుండాలి మేడం."

"రసీదు ఏమైనా ఇస్తారాండి?"

"నేనూ ఒకప్పుడు పాఠాలు చెప్పినవాణ్ణేనండి. టీచర్లకి టీచర్లకి మధ్య రసీదులేంటి మేడం?"

అడిగినందుకు ఆమే సిగ్గుపడింది. నన్ను తీసుకువెళ్ళి ఎడమవైపు ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు.

లోపల నాలాంటివాళ్ళు అరలు అరలుగా ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. రెండోరోజు నా కిందున్న కాగితం మెల్లగా పలికింది. అది బి. సత్యనాథం అనే హిందీ పండిట్ మాస్టారి ట్రైనింగ్ సర్టిఫికెట్. ఆ బీరువాలోకి వచ్చి మూడేళ్ళయిందట.

"మా మాస్టారు వెళ్ళిన ఏడాదికే తిరిగొచ్చేశారు. అక్కడ చెప్పిన బడి కాదట, చెప్పిన పనీ కాదట. ఒప్పందం ప్రకారం రెండేళ్ళు నిండలేదని నన్ను ఇవ్వటం లేదు. నేను లేకుండా ఆయనకు ఇక్కడా ఉద్యోగం లేదు."

"వచ్చి అడగడా?"

"వచ్చేవారు. 'సార్ ఉన్నారాండీ' అని ఆయన గొంతు వినిపించేది. సార్ ఊళ్ళో లేరని చెప్పేవారు. ఆ సారు ఈ బీరువాకి ఆనుకునే కూర్చుని బత్తాయి వలుచుకుంటూ ఉండేవాడు, తొక్క వాసన మాకు లోపలికి వచ్చేది. ఇప్పుడు మాస్టారు రావటం మానేశారు."

ఆ మాట విన్నాక నాకు మరి స్థిమితం లేకపోయింది. దయామణి మీద కోపం కూడా వచ్చింది. వరద నీళ్ళు దూలం దాకా రావని నాకు తెలుసు. ఈ బీరువాలోకి ఎవరూ రారని కూడా ఇప్పుడు తెలిసింది. ఆమె రేపు విమానం ఎక్కేస్తే ఈ చీకట్లో నన్ను గుర్తుపెట్టుకునేది ఎవరు? మనుషులకు వినపడే నోరు నాకుంటే తలుపు పగిలేలా అరిచేదాన్ని.

నన్ను బయటికి తెచ్చింది సువార్తమ్మ చేసిన పొరపాటే. పై దేశం వెళ్ళాలంటే నేను అసలు పట్టానేనని సర్కారు ఆఫీసులు వేసే స్టాంపులన్నీ నా వీపు మీద పడాలట, ప్లాస్టిక్ మీద ముద్ర వేయరట. ఎనిమిదో రోజు పొద్దున వర్ధన్ గారు తల్లీకూతుళ్ళను పిలిపించి, నన్ను విసుగ్గా బల్ల మీద పడేశాడు.

"ఎవరండీ దీనికి లామినేషన్ చేయించింది? కింద వీధిలో తీస్తారు, తీయించుకుని రండి. చిరిగితే మా బాధ్యత కాదు. నాలుగింటికి సంతకాలు." పదకొండు పేజీల ఒప్పందం కాపీ కూడా చేతికిచ్చాడు. సువార్తమ్మ తలెత్తలేదు.

వీధి చివర ఖాదర్ వలీ అనే పెద్దాయన జిరాక్సు కొట్టు. ఆయన నన్ను బోర్లా పడుకోబెట్టి, గుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టె గోరువెచ్చగా తగిలించాడు. తరవాత సన్నటి బ్లేడు మూలలో దూర్చాడు. ఆ క్షణం నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఒక్క పిసరు అటూ ఇటూ అయితే దయామణి పేరు సగానికి చీలిపోతుంది. నా వీపు మీది ప్లాస్టిక్ వెంట్రుకవాసి చొప్పున ఊడి వస్తుంటే ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది.

చూడలేక బెంచీ మీద కూర్చుని ఒప్పందం తెరిచింది. తల్లి కోసం తెలుగులో చెబుతూ చదివింది. తొమ్మిదో పేజీకి వచ్చేసరికి గొంతు మెల్లబడింది. "రెండేళ్ళు పూర్తయ్యేవరకు ఒరిజినల్స్ వాళ్ళ దగ్గరే ఉంటాయంట. అవసరాన్ని బట్టి బడీ, పనీ మార్చొచ్చంట."

"మనకాడ ఉంచుకోవడానికి లేదంటా కాయితం?"

"రెండేళ్ళేగదమ్మా."

బ్లేడు ఆపకుండానే ఖాదర్ వలీ అన్నాడు. "ఆ మేడ మీంచి వచ్చినోళ్ళకి చాలామందికి తీశానమ్మా. తిరిగొచ్చాక మళ్ళీ వెయ్యమని మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ రాలేదు." మామూలుగానే అన్నాడు, వాన వస్తుందని చెప్పినట్టు.

సువార్తమ్మ చేతిలోని మంచినీళ్ళ సీసా ఒళ్ళోకి జారింది.

"నాకూ రెండేళ్ళనే సెప్పేరే" అంది.

"అదేంటి? వాళ్ళు మంచోళ్ళు, నేనే ఉండిపోయాననేదానివి గదా."

"పాస్‌పోర్టు ఆళ్ళ బీరువాలో ఉండిపోయిందే. తాళం ఆయన జేబులో. అడిగినప్పుడల్లా రేపనేవోడు. నువ్వేమో ఫోన్లో ఎప్పుడొత్తావమ్మా అని ఏడిసేదానివి. ఇవ్వట్లేదని సెబితే నువ్వేం సెయ్యగలవు? అందుకని నాకే రావాలని లేదని సెప్పేను."

"ఇన్నేళ్ళూ ఎందుకు దాచావమ్మా?"

"సెప్పుకునేంత ముచ్చటా అది? ఎల్లొద్దని నేను అననే దయా. నువ్వు సదువుకున్నదానివి, నాలాగ కాదు. కాయితం మాత్రం ఇవ్వకే. కాయితం ఆళ్ళకాడుంటే మనిషీ ఆళ్ళకాడున్నట్టే."

దయామణి ఏడుస్తోంది. చిన్నప్పుడు అమ్మకు తన మీద ప్రేమ లేదేమో అనుకుంటూ పడుకున్న రోజులన్నీ ఆ బెంచీ మీద ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చి ఉంటాయి. కాసేపటికి ముఖం తుడుచుకుని లేచింది. అప్పటికి నా వీపు ఊడింది, ముఖం మీది ప్లాస్టిక్ అలాగే ఉంది. "ఇంక ఆపండి బాబాయి గారూ. ఒకమాట అడిగొస్తాను" అంది.

మళ్ళీ ఆ మెట్లు. వద్దు, వెనక్కి తిరుగు అని సంచిలో నేను లోలోపల అరుస్తూనే ఉన్నాను. వర్ధన్ గారు నన్ను చూపించమన్నాడు. ఆమె బల్ల మీద పెట్టింది. పెట్టగానే అతని అరచెయ్యి నా మీద పడింది.

"సగమే తీయించారేంటండి?"

"స్టాంపులకి నేనే వెంట తీసుకెళ్తానండి. మీకు జిరాక్సులిస్తాను. ఒరిజినల్ నా దగ్గరే ఉంచుకుంటాను. ఒప్పుకుంటే ఇప్పుడే సంతకం పెడతాను."

అతను నవ్వాడు. "మీ సీటు కోసం నలభైమంది ఉన్నారు మేడం. మళ్ళీ ఇలాంటి అవకాశం రాదు. ఆలోచించుకోండి." చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. బీరువా తలుపు అతని వెనకే సగం తెరిచి ఉంది.

దయామణి ఆ కొబ్బరిచెట్ల బొమ్మ వైపు ఒకసారి చూసింది. ఒప్పేసుకుంటుందనే అనుకున్నాను. మర్యాదన్న మాటను ఆమె ఎంత శ్రద్ధగా రాసుకుందో నేను చూశాను కదా.

"చెయ్యి తియ్యి."

అది పదోతరగతి గదిలో వెనక బెంచీకి వినిపించే గొంతు. అలా అంటుందని ఆమెకే తెలియదు. అండీ లేదు, గారూ లేదు. వర్ధన్ గారు కూడా ఎప్పుడో ఏ మాస్టారి దగ్గరో చదువుకున్నవాడే కదా, ఆలోచించకుండా చెయ్యి తీసేశాడు. తీశాక అతని ముఖం ఎర్రబడింది. అప్పటికే నేను ఆమె చేతిలో ఉన్నాను.

సగం మెట్లు దిగాక దయామణి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. కింద ఎదురుచూస్తున్న సువార్తమ్మ గబగబా ఎక్కి వచ్చి, కూతురి ముఖం చూడకుండా ముందు సంచిలో చెయ్యి పెట్టి నన్ను తడిమి చూసుకుంది.

ఖాదర్ వలీ ఊరికే మళ్ళీ ప్లాస్టిక్ వేస్తానన్నాడు. దయామణి వద్దంది. "ఎప్పుడైనా నా అంతట నేనే వెళ్తానేమో. వీపు ఖాళీగా ఉండనివ్వండి." ఇప్పటికీ ఆమె ఫోనులో దేశాలు వెతుకుతూనే ఉంటుంది. అక్కడి బడులకే నేరుగా ఉత్తరాలు రాస్తుంది. జవాబులు ఇంకా రాలేదు. బడి యజమాని ఇంకా "ఏమ్మాయ్" అనే అంటున్నాడు. తప్పు చేశానా అని ఆమె అప్పుడప్పుడూ ఆ గీత గీసిన పేజీ తీసి చూసుకుంటుంది.

నేను మళ్ళీ దూలం మీదికి వచ్చాను. ముఖానికి ప్లాస్టిక్, వీపుకు ఏమీ లేదు. గోదారి పెరుగుతోందని రేడియోలో చెప్పినప్పుడల్లా నా వీపు ఝల్లుమంటుంది. ఈసారి సంచిలో నాకు తోడు ఉంది, సువార్తమ్మ పాత పాస్‌పోర్టు. దాన్ని ఆమె పెట్టె అడుగు నుంచి తీసి నా పక్కన పెట్టింది. ఆరేళ్ళు బీరువాలో ఎలా ఉన్నావని అడిగాను. అది ఇంతవరకు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

నీళ్ళంటే నాకు భయమే. బీరువా అంటే అంతకంటే భయం. నేను బయటపడ్డాను, నా కిందున్నది పడలేదు. మీలో ఎవరికైనా బి. సత్యనాథం అనే హిందీ మాస్టారు తెలిస్తే దయచేసి ఈ కబురు చెప్పండి. ఎడమవైపు బీరువా, కింది నుంచి రెండో అర. మీ కాగితం చెక్కుచెదరకుండా ఉంది మాస్టారూ. బయట ఎవరు మాట్లాడినా మీ గొంతేమో అని వింటోంది.