భుజాల మీది సుద్ద

తొట్టిలో మోకాళ్ళ లోతున నిలబడి ఫిలోనికస్ బట్టలు తొక్కుతున్నాడు. మురికి వదలడానికి పాత మూత్రం కలిపిన నీళ్ళు. ఆ వాసన తెలియడం అతని ముక్కు ఏనాడో మానేసింది. ఎదుటివాళ్ళ ముక్కుపుటాల్లోనే దాన్ని చూసేవాడు.

గుమ్మంలో కొడుకు డెకిమస్ నిలబడ్డాడు. ఒంటి మీద తండ్రి సుద్దపొడి రుద్ది మెరిపించిన టోగా, పోటీచేసేవాళ్ళు చుట్టుకునే తెల్లటి నిండు వస్త్రం. రోము సంతలనూ వీధులనూ చూసే అధికారి పదవికి ఇవాళ ఓట్లు.

"నాన్నా, ఒక్కసారి..." అంటూ చేతులు చాచాడు.

"దగ్గరికి రాకు. ఈ కంపు పట్టిందంటే సుద్ద కూడా కాపాడదు. పో, ఊళ్ళోవాళ్ళని వాటేసుకో. నేనెక్కడికి పోతాను?"

కొడుకు వెళ్ళాడు. ఫిలోనికస్ నొచ్చుకోలేదు. ఒకనాటి బానిస అతను. యజమాని విడుదల చేశాక కూడా జనం ముక్కు మూసుకునే అతనికి దారి ఇచ్చారు. ఆ మూసుకున్న ముక్కుల ముందు తన నెత్తురు తెల్లగా నడవాలి. ఈ కోరిక కొడుకుదో తనదో విడదీసి చూసుకోలేదు. చూసినా ఒకటేనని తేలుతుందని ధీమా.

ఎండ ముదిరేసరికి ఎడమ చెయ్యి బరువెక్కింది. తొట్టి దిగి, గుమ్మం పక్క గోడకు చేరగిలి కూర్చున్నాడు. ఓటేసి వస్తున్న రొట్టెలవాడి భుజాన తెల్లటి మరక. కసాయి భుజాన ఇంకోటి. డెకిమస్ కౌగిలించుకున్న ప్రతివాడికీ టోగా సుద్ద అంటింది. అవతల పోటీచేస్తున్న పెద్దింటివాడు, టోగా నలుగుతుందని ఎవరినీ ముట్టుకోడు.

గుగ్గిళ్ళమ్మే హెడియా గంప దించింది.

"ఏం పెద్దాయనా, కొడుకు గెలిస్తే మా వీధి మొహం చూస్తాడా?"

"గెలిస్తే ఏంటే? గెలిచేశాడు. ఇంటికెళ్ళి నీ మొగుడి భుజం చూసుకో."

"చూశాలే. అది ఉతకాలన్నా నీ కొట్టుకే తేవాలిగా! తండ్రీకొడుకులు బేరం బాగానే కుదుర్చుకున్నారు."

నవ్వాడు. నవ్వుతూనే తన భుజం వంక చూసుకున్నాడు. గోధుమరంగు అంగీ మీద తడి తప్ప ఏమీ లేదు.

ఆమె వెళ్ళిన కాసేపటికి ఓట్లు వేసే మైదానం వైపు నుంచి కేకలు లేచాయి. "డెకిమస్! డెకిమస్!" ఫిలోనికస్ తల గోడకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

డెకిమస్ జనాన్ని వెనకే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"నాన్నా, గెలిచాం."

ముసలాయన లేవలేదు. కొడుకు ఇంకోసారి పిలిచాడు. తర్వాత ఆ తడినేల మీద, టోగాతోనే, మోకరిల్లాడు.

సాయంత్రం ముసలాయన ఒళ్ళు కడిగి శుభ్రమైన బట్ట కట్టారు. విప్పిన అంగీని అలవాటుగా ఎవరో తొట్టిలో వేయబోతే, డెకిమస్ అందుకుని కొక్కేనికి తగిలించాడు. దాని రెండు భుజాల మీదా తెల్లటి సుద్ద.