నర్సమ్మ కూర్చున్న చోటు

పొద్దున ఎనిమిదింటికి మారెమ్మ పోలీస్ స్టేషన్ తుడవడం మొదలుపెడుతుంది. ముందు రైటర్ గురప్ప బల్ల కింద, తర్వాత లాకప్ ముందు, ఆఖరికి వరండాలో గోడ పక్కనున్న బెంచీ. ఆ బెంచీకి కుడి కొసన నర్సమ్మ నీడ కూర్చుని ఉంటుంది. తడిబట్ట దానికి తగలకుండా చుట్టూ తుడిచి మారెమ్మ బకెట్టు ఎత్తుకుంటుంది. ఫిర్యాదుకి వచ్చినవాళ్లు ఎవరైనా అటు కూర్చోబోతే, "పక్కకి జరుగప్పా, ఆడ ఆయమ్మ ఉండాది" అంటుంది. వాళ్లు జరుగుతారు. మూడు నెలలుగా ఇదే వరస.

గురప్ప మాత్రం అటు చూడడు. ఫిర్యాదులు రాసుకునే హెడ్ కానిస్టేబుల్ ఆయన. ఇరవై ఆరేళ్ల సర్వీసులో చేతిరాతకి పేరు తెచ్చుకున్నాడు. ముత్యాల్లాంటి అక్షరాలే, ఏం లాభం!

నర్సమ్మ పాలమూరు నుంచి వచ్చిన కూలిమనిషి. ఓ సోమవారం మధ్యాహ్నం వచ్చి, అపార్ట్‌మెంట్ పనికి పోయిన మొగుడు హనుమంతు నిన్నటి నుంచి కనబడలేదని, ఫోను మోగడం లేదని చెప్పింది. పనిచోటు కాలువ దగ్గర అంది. కాలువకి ఏ పక్కో గురప్ప అడగలేదు. డబ్బాలో రాగిముద్ద చల్లారిపోతోంది మరి. "కాలువ అవతల మా పరిధి కాదమ్మా, ఆ స్టేషన్‌కి పో" అన్నాడు. ఆమె సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని, లేచి వెళ్లింది. నీడ లేవలేదు.

గురువారం హనుమంతు లిఫ్టు గుంటలో శవమై దొరికాడు, కాలువకి ఇవతలే. కాళ్లు విరిగి రెండు రోజులు ప్రాణంతో ఉన్నాడని డాక్టరు రాశాడు. సోమవారమే వెతికి ఉంటే బతికేవాడు. ఆ మాట ఎవరూ అనలేదు, గురప్పే రోజూ తనకి తాను చెప్పుకుంటాడు. ఇన్‌స్పెక్టర్ దేవరాజ్ తలుపు వేసి, ఆమె గురువారమే మొదటిసారి వచ్చినట్టు రాయమన్నాడు. గురప్ప రాశాడు. తప్పుడు రికార్డు రాసిన సర్కారు ఉద్యోగికి మూడేళ్ల దాకా జైలని కొత్త కానిస్టేబుళ్లకి పాఠం చెప్పేదీ ఆయనే. ఆ రోజు నుంచి ఆయనకి ముద్ద గొంతు దిగడం లేదు.

ఓ బుధవారం పదకొండింటికి, ఇన్‌స్పెక్టర్ కోర్టుకి పోయిన వేళ, నర్సమ్మ మళ్లీ వచ్చింది. ఎర్రటి ఎండలో ఆమె ఒక్కతే నీడ లేకుండా గేటు దాటింది. బెంచీ మీద తన నీడకి చోటు వదిలి పక్కన కూర్చుంది.

"సార్, మా అత్తోళ్లు నా బిడ్డను నా తాన ఉంచుతలేరు. నాలుగు దినాలు మొగన్ని ఎతుకని దానికి బిడ్డెందుకంటున్నరు. మీ కాగితంల గట్లనే ఉన్నదంట. నేను సోమారమొచ్చిన కద సార్. యాదిలేదా?"

లేదమ్మా అనబోయాడు గురప్ప. చూపు బెంచీ కొసనున్న నీడ మీద పడింది.

"గదొక్కటి రాసియ్యి సార్. మల్ల నిన్నేమడగ."

ఆయన రిజిస్టరు తీసుకొచ్చి కొత్త కానిస్టేబుల్ సుమ చేతిలో పెట్టాడు. తను పోయి నర్సమ్మ పక్కన, ఫిర్యాదుకి వచ్చినవాళ్లు కూర్చునే చోట కూర్చున్నాడు.

"రాసుకోమ్మా సుమా. ఈయమ్మ వచ్చింది సోమవారం, పన్నెండున్నరకి. నేను రాసుకోలేదు. గురువారం వచ్చినట్టు అబద్ధం రాసింది నేనే. రాయించింది దేవరాజ్ సార్."

"సార్, ఇది రాస్తే మీ ఉద్యోగం పోతాది. జైలు కూడా."

"పోనీమ్మా. పాఠం చెప్పింది నేనే కదా. నువ్వు రాసేదాకా ఈడ నుంచి లేవను."

సుమ రాసింది. గురప్ప సంతకం చేశాడు. నర్సమ్మకి చదివి వినిపించి, ఒక నకలు చేతిలో పెట్టాడు. అప్పుడు బెంచీ కొసన నీడ లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, వచ్చి నర్సమ్మ పాదాల దగ్గర నిలబడింది. నర్సమ్మ దండం పెట్టలేదు. గురప్ప ఆశించనూ లేదు.

మారెమ్మ వచ్చి బెంచీ కొసన మూడు నెలల దుమ్ము తుడిచింది. "తినప్పా" అని డబ్బా తెచ్చి ఇచ్చింది. మొదటి ముద్ద గొంతు దిగింది. లిఫ్టు గుంటలో హనుమంతు రెండు రోజులు ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. గురప్ప డబ్బాకి మూతపెట్టి, ఎండలో గేటు దాటుతున్న నర్సమ్మని, ఆమె వెంట పోతున్న నీడని చూస్తూ కూర్చున్నాడు.