తడిబట్ట వంట

“ఆ స్వెట్టరు సంచిలోంచి తియ్యి” అన్నాడు భాస్కరం.

“తియ్యను” అంది కూతురు ఫణిశ్రీ.

తెల్లవారుజాము నాలుగున్నర. గోదావరి మీద లేచిన మంచు వీధి లైట్లని కమ్మేసింది. భాస్కరం తలకి మఫ్లరు చుట్టుకుని, వరండాలో ఎత్తుగా కట్టిన దండెం మీంచి భార్య మడిచీరని కర్రతో అందుకుని సంచిలోకి జారవిడిచాడు. ఆ చీరని చేత్తో ముట్టుకోడు. మడిలో లేనివాళ్ళు ఎవరు తాకినా అది మైలపడుతుంది. చిన్నప్పుడు పరికిణీ కొస తగిలినందుకు ఫణిశ్రీ వీపు మీద దెబ్బ తింది కూడా.

“ఎలాగూ అక్కడికెళ్ళి తడిపేదే కదా నాన్నా. ఈ కర్రసాము దేనికి?”

“కుట్టిన బట్ట మడికి పనికిరాదే. బీయస్సీ చదివావు, ఆమాత్రం తెలీదూ?”

“ఇది కుట్టలేదు, అల్లారు. పైగా ఊలు. కంబళికి మైల లేదని మీరే అంటారు.”

“కంబళి వేరు, స్వెట్టరు వేరు.”

తల్లి అమ్మాజీ సంచి అందుకుని స్వెట్టరు తీసి కుర్చీ మీద పెట్టింది. “వచ్చాక వేసుకుంటాలేవే” అనబోయింది కానీ మధ్యలో దగ్గు వచ్చింది. గోడ పట్టుకుని నిలబడింది.

పోయిన డిసెంబరులో ఆవిడకి న్యుమోనియా వచ్చింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంది. ఫణిశ్రీ ఎక్స్‌రే సెంటర్లో రిసెప్షన్‌లో కూర్చుంటుంది కాబట్టి మొన్న ఫీజు లేకుండా మళ్ళీ తీయించింది. కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లటి మచ్చ ఇంకా ఉంది. చలికాలం ఒళ్ళు తడిగా ఉంచుకోవద్దనీ, పొయ్యి దగ్గర కిటికీ తెరుచుకోమనీ, ఫ్లూ టీకా వేయించుకోమనీ డాక్టరు చెప్పాడు. ఇంకోసారి ఇలా వస్తే తట్టుకోవడం కష్టమని ఆవిడ బయటికి వెళ్ళాక ఫణిశ్రీతో అన్నాడు. ఆ మాట ఫణిశ్రీ ఇంట్లో దాచలేదు.

“మా అమ్మ ముప్ఫయ్యేళ్ళు తడిబట్టతోనే వండింది” అన్నాడు భాస్కరం మోపెడ్ స్టార్ట్ చేస్తూ. అమ్మాజీ ఆయన వీపు వంక ఒకసారి చూసి వెనక ఎక్కి కూర్చుంది.

తద్దినాల వంటకి రాజమండ్రిలో మనుషులు దొరుకుతారు. ఆరిన మడిబట్టతో వండితే ఎనిమిది వందలు. చన్నీళ్ళు తలమీంచి పోసుకుని, ఆ తడిబట్ట ఒంటి మీదే ఉంచుకుని వండితే పన్నెండు వందలు. ఈ రెండో రకం వంట చేసేవాళ్ళు ఊళ్ళో ఇద్దరే మిగిలారు. తద్దినాలు కుదిర్చే శాస్త్రిగారు “మా దగ్గర తడిబట్ట వంటండీ” అని చెప్పుకునేది అమ్మాజీని చూసుకునే. ఆవిడ వండే ఇళ్ళకే భాస్కరాన్ని, దక్షిణ పుచ్చుకుని తద్దినం భోజనం చేసే భోక్తగా పిలుస్తారు. ఆ పిలుపు పోతే ఇద్దరి సంపాదనా పోతుంది. పోయిన ఏడాది ఆస్పత్రి నుంచి వచ్చిన ఇరవయ్యో రోజున ఆవిడ మళ్ళీ చన్నీళ్ళు పోసుకోవడానికి కారణం అదే.

సత్యప్రసాద్‌గారి ఫ్లాటు నాలుగో అంతస్తులో ఉంది. ఇవాళ వాళ్ళ నాన్నగారి తద్దినం. బాత్రూంలో గీజరు ఉంది కానీ వేడినీళ్ళు మడికి కుదరవు. అమ్మాజీ కుళాయి నీళ్ళు చెంబుతో ముంచి తలమీంచి పోసుకుంది. మూడో చెంబుకి ఊపిరి అందలేదు. కళ్ళు మూసుకుని గోడకి చెయ్యి ఆన్చి, అది తిరిగి అందేదాకా ఆగింది.

సత్యప్రసాద్‌గారి అక్కగారు వంటింటి గుమ్మం అవతల కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాళ్ళకి మేజోళ్ళు, ఒంటి మీద శాలువా. మడి సవ్యంగా సాగుతోందో లేదో చూడటం ఆవిడ పని. పక్క గదిలో సత్యప్రసాద్‌గారి మూడేళ్ళ మనవడు పడుకున్నాడు. వాడికి ఆయాసం ఉంది. అందుకని చలిగాలి రాకుండా వంటింటి కిటికీతో సహా ఇంట్లో కిటికీలన్నీ బిగించారు. పనిమనిషికీ డ్రైవరుకీ కోడలు మాస్కులు ఇచ్చింది.

“నాక్కూడా ఒకటి ఇప్పించండమ్మా. దగ్గు వస్తోంది” అంది అమ్మాజీ.

“మాస్కు మడి కాదు కదా అమ్మాజీ. దగ్గొస్తే అటు తిరుగు. వంట మీద పడకూడదు, పిల్లాడి గది వైపు రాకూడదు. వాడికి ఫ్లూ ఇంజెక్షన్ కూడా వేయించాం, రెండు వేలయింది. అయినా భయమే” అన్నారు అక్కగారు.

అమ్మాజీ అరటికాయ కూర దించి, పరమాన్నం పొయ్యి మీద పెట్టి, గారెలకి నూనె కాచింది. నూనె పొగ బయటికి పోయే దారి లేక గదిలోనే తిరిగింది. గారె నూనెలో వేస్తుండగా దగ్గు గొంతు దాకా వచ్చింది. పెదవులు బిగించి ఆపింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆ నీళ్ళు కూడా గారెల మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుంది.

పది గంటలయ్యేసరికి పొయ్యి సెగకి చీర ముందు భాగం ఆరింది. నడుము దగ్గర కొంచెం వెచ్చగా అనిపించింది. పొద్దుట్నించీ ఆవిడ ఎదురుచూసింది ఆ వెచ్చదనం కోసమే.

“కుచ్చిళ్ళు ఆరిపోయినట్టున్నాయి. వెళ్ళి ఇంకో చెంబు పోసుకురా” అన్నారు పెద్దావిడ.

“పోసుకున్నానమ్మా ఇందాక.”

“ఇందాకటి సంగతి కాదు. పన్నెండు వందలు ఇస్తున్నది దానికే కదా.”

వంట పూర్తయ్యేలోగా అమ్మాజీ ఇంకో రెండుసార్లు నీళ్ళు పోసుకుంది. హాల్లో భోక్తగా కూర్చున్న భాస్కరం, బాత్రూంలో చెంబు చప్పుడు వినబడినప్పుడల్లా ఎదుట వేసిన ఖాళీ విస్తరి వంక చూశాడు. గారెలు బాగున్నాయని అందరూ అన్నారు.

ఆ రాత్రే జ్వరం వచ్చింది. ఫణిశ్రీ మాత్రలిచ్చి, తల్లి వీపు వెనక రెండు దిళ్ళు పెట్టి కూర్చోబెట్టింది. పడుకుంటే ఊపిరాడటం లేదంది అమ్మాజీ.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే శాస్త్రిగారు ఫోన్ చేసి మంగళవారం ఒకటి, గురువారం ఒకటి కుదిర్చానన్నారు. శనివారం భాస్కరం తల్లి తద్దినం. అది ఈ ఇంట్లోనే పెట్టుకోవాలి. బయటి రెండింటికీ భాస్కరం సరేనన్నాడు.

మధ్యాహ్నం అమ్మాజీయే లేచి అన్నం, చారు చేసింది. చీర మీద స్వెట్టరు వేసుకునే వడ్డించింది. భాస్కరం చూశాడు కానీ ఇవాళ మడి లేదు కాబట్టి ఏమీ అనలేదు. ఎప్పుడూ ఆయన తిన్నాక తినే మనిషి తనూ కంచం పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంది.

“మంగళవారం రానని శాస్త్రిగారికి చెప్పండి” అంది.

“జ్వరం కదా. గురువారానికి తగ్గుతుందిలే.”

“తగ్గినా వెళ్ళను. ఇక తడిబట్ట కట్టను. ఆరిన బట్టతో అయితే, ఎనిమిది వందలకే వస్తానని చెప్పండి.”

“ఆయన ఒప్పుకోడే. నన్నూ పిలవరు.”

“పిలవకపోతే ఇంట్లో ఉందురు గాని.”

భాస్కరం చారు అన్నం కలుపుతూ నవ్వబోయాడు. “సరే, బయట మానేస్తావు. శనివారం అమ్మ తద్దినం మాటేవిటి?”

“వండుతాను. పొడిబట్టతో.”

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. “మా ఇంట్లో అలా ఎప్పుడూ జరగలేదు. మా అమ్మ ముప్ఫయ్యేళ్ళు...”

“ముప్ఫయ్యేళ్ళు వండింది. ముప్ఫై ఒకటో ఏడు పుష్యంలో పోయింది. జలుబు చేసి పోయిందని చెప్తారు మీరు. ఆ పది రోజులూ ఆవిడ వీపు రాసింది నేను. డొక్కలు ఎలా ఎగిరాయో నేను చూశాను, గుమ్మంలో నిలబడి మీరూ చూశారు.” కొంచెం ఆగి ఊపిరి తీసుకుంది. “ఆవిడ తద్దినం నేను తడిబట్టతో పెట్టను. పితృదేవతలకి తడిబట్టే కావాలంటే మీరు కట్టుకుని వండండి.”

పక్కనే కూర్చుని తింటున్న ఫణిశ్రీ తల్లి కంచంలో ఇంకొంచెం చారు పోసింది.

భాస్కరం మజ్జిగ పోసుకోకుండానే లేచాడు. చెయ్యి కడుక్కుని వరండాలోకి వెళ్ళాడు. దండెం మీద నిన్నటి చీర వేలాడుతోంది. ఎండ రాలేదు. కర్ర మూలన ఉంది. దాని వంక చూశాడు కానీ అందుకోలేదు.

లోపల ఫోన్ మోగింది. శాస్త్రిగారు. ఎవరూ తీయలేదు.

భాస్కరం, ఇప్పుడే అన్నం తిని లేచిన చేత్తో, ఒంటి మీది కుట్టిన చొక్కాతో, పైకి నిక్కి ఆ చీర కొస పట్టుకున్నాడు. అది ఇంకా చల్లగా, చెమ్మగా ఉంది. వదలకుండా చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.