హెడ్‌లైటు వేస్తే వాన

మా ఆయన జయచంద్రకు ఒక జబ్బుంది. బాగా పనిచేసే వస్తువు కంటబడితే చేతులు ఊరుకోవు. ఫ్యాన్ బాగుచేశాడు, అది గాలిని పైకప్పుకు విసరడం మొదలుపెట్టింది. మిక్సీ బాగుచేశాడు, దాన్ని మా అత్త ఇప్పటికీ దూరంగా నిలబడి కట్టెపుల్లతో ఆన్ చేస్తుంది. అలాంటి మనిషి, బాడుగలకు తిప్పే మా పాత కారుకు లైట్లు గుడ్డిగా ఉన్నాయని, కళ్యాణదుర్గంలో ఒక అంగడి ముందే కారు నిలిపి, ఫోన్‌లో వీడియో చూస్తూ కొత్త బల్బులు, వాటికో రిలే, గజాలకొద్దీ వైరు తనే బిగించాడు. మెకానిక్‌ను పిలవమని చెప్పాను.

"వానికి తెలిసి, నాకు తెలీంది ఏముండాది రెబెకా?" అన్నాడు.

పొద్దు గుంకే వేళకు ఇంటికని కంబదూరు దారి పట్టాం. లైట్లు వేశాడు. రోడ్డంతా తెల్లగా వెలిగింది. నేను మెచ్చుకుందామని నోరు తెరిచేలోపు వైపర్లు లేచి అద్దాన్ని అటూ ఇటూ ఊడ్వసాగాయి. లైట్లు ఆర్పితే ఆగాయి. వేస్తే మళ్ళీ లేచాయి.

"యాడో ఒక వైరు తప్పు కలిసినట్లుండాది," అన్నాడు, ఆ వైరు తనంతట తానే నడిచిపోయి కలిసినట్టు.

ఇంకో సీమలో అయితే నవ్వుకుని ఊరుకునేవాళ్ళు. మాది విత్తనాల కాలంలో కూడా చినుకు రాలని నేల. వైపర్లు తిరుగుతూ ఒక బండి వచ్చిందంటే ఎక్కడ పడింది, విత్తనం వేసేంత తడిసి నేల పదునైందా అని అడగకుండా ఎవరూ వదలరు. మొదటి ఊళ్ళో టీ బంకు దగ్గర కూర్చున్నవాళ్ళంతా గ్లాసులతో సహా లేచి రోడ్డుకు అడ్డమొచ్చారు.

"ఏమప్పా, యాడ పడింది వాన?"

"వాన లేదన్నా. లైటు ఏస్తే వైపరు తిరుగుతాండాది, అంతే."

"కళ్యాణదుర్గం పక్కనా? పదునైందా?"

"లేదంటాండా కదన్నా!"

వాళ్ళలో మా ఊరి ఈరప్ప కూడా ఉన్నాడు. మా పక్క చేను ఆయనదే. కిటికీలో తల పెట్టి మా ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"జయచంద్రా, విత్తేదానికి ట్రాక్టరు మాకంటే ముందు నువ్వే పట్టుకోవల్లనా? దుడ్లు దాచేవాళ్ళను చూసినాం గానీ, వానను దాచేవాణ్ణి నిన్నే చూస్తాండా."

"ఈరప్పన్నా, కారు మింద చెయ్యి పెట్టి చూడు, ఒట్టి దుమ్ము," అన్నాను నేను.

"ఇంత దూరం వస్తే ఆరిపోదామ్మా?" అని, అప్పటికే ఫోన్ చెవిదగ్గర పెట్టుకుని భార్య కదిరమ్మతో చెప్పేస్తున్నాడు.

కదిరమ్మకు తెలిస్తే మా అత్త తిమ్మక్కకు తెలిసినట్టే. అత్త తిండికి ముట్టకుండా, అమ్మకుండా, విత్తనానికని ఒక మూట వేరుశనగ కాయలు దాచిపెట్టింది. వాన పడిందని తెలిస్తే ఆడవాళ్ళను పిలిచి ఒలవడానికి కూర్చుంటుంది. ఒలిచిన గింజ నిలవదు. వాన ఆలస్యమైతే పురుగు పడుతుంది, మొలక రాదు. ఆ మూట పోతే ఈ యేడు మాకు సేద్యమే లేదు. అత్తకు ఫోన్ చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను. ఎంగేజ్. వాన శుభవార్తను ఆమె ఊరంతటికీ పంచుతోంది కాబోలు.

"తొందరగా పోనీ!" అన్నాను.

లైట్లు ఆర్పితే దారి కనిపించదు. వేస్తే దారి పొడుగునా వాన కురుస్తుంది. మా ఆయన కారు ఆపి, వైపర్లను అద్దం మీదినుంచి పైకి లేపి నిలబెట్టాడు. ఇప్పుడవి గాలిలో చేతులూపసాగాయి. తరువాతి ఊళ్ళో జనం సంతోషంగా తిరిగి చేతులూపారు. మళ్ళీ ఆపి, స్టీరింగ్ కింద ఒక వైరు పీకి ఇంకోచోట తగిలించాడు. వైపర్లు ఆగలేదు సరికదా, బ్రేకు తొక్కినప్పుడల్లా హారన్ కూడా మోగింది. ఇళ్ళలో ఉన్నవాళ్ళు కూడా బయటికొచ్చి వాన కబురు అందుకున్నారు.

"నువ్వు బాగుచేసేకొద్దీ వాన పెద్దదైతాండాది కదయ్యా!" అని అరిచాను. ప్రభువు నాకు ఓర్పు ఇచ్చాడు గానీ, ఈ మనిషికి సరిపడా ఇవ్వలేదు.

మేము వాకిట్లోకి వచ్చేసరికి మూట విప్పేసి ఉంది. ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. అత్త చేతిలో మొదటి గుప్పెడు కాయలు టప్‌టప్‌మంటున్నాయి.

"మా, ఆపు! వాన లేదు!" అని మా ఆయన వాళ్ళమ్మకు కేకేశాడు.

"లేకపోవడమేంది?" కదిరమ్మ లేచింది. "మా ఆయన కండ్లారా చూసినాడు. మేము గూడా ఇప్పుడు చూస్తిమి కదా, తిరుగుతాండాయి!"

"అది బండి లోపమక్కా. కంపెనీవాళ్ళు..." అని నసిగాడు ఆయన.

"ఇన్నాళ్ళు లేని లోపం ఈ పొద్దే వచ్చిందా?" అంటూ అత్త ఇంకో కాయ ఒలిచింది.

నేను ఆయన్ని మోచేత్తో పొడిచాను. ఊరి ఆడవాళ్ళంతా చూస్తున్నారు. ఆయన మెడ వంచుకున్నాడు.

"నేనే చెడగొట్టినా మా. వైరు నేనే తప్పు కలిపినా."

అత్త చెయ్యి ఆగింది. "నువ్వే కలిపినావా?"

"నేనే."

"మెకానిక్కు లేకుండా?"

"లేకుండా."

అత్త ఆడవాళ్ళ వైపు తిరిగింది. "లేయండమ్మా, వాన లేదు."

ఆడవాళ్ళంతా పడీ పడీ నవ్వుకుంటూ లేచారు. ఒలిచిన గింజలు వాళ్ళ కొంగుల్లోనే పోసి పంపించి, అత్త మూట మూతి గట్టిగా బిగించింది. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఇంక ఆయన్ని తీరిగ్గా తిట్టుకోవచ్చనుకున్నాను.

అత్త వచ్చి కారు ముందు సీట్లో కూర్చుంది.

"ఏదీ, లైటు ఏయి."

ఆయన వైపర్లను అద్దం మీదికి దించి లైట్లు వేశాడు. ఎదురుగా ఎండిన చేను గట్టు వెలిగింది. వైపర్లు దుమ్మును అటూ ఇటూ తోస్తున్నాయి. అత్త కళ్ళార్పకుండా చూస్తోంది.

"బ్యాటరీ దిగిపోతాది మా," అన్నాడు కాసేపటికి.

"దిగనీలేరా. ఈ యేడు అవి తిరిగేది నేను చూడనేలేదు."

నాకు ఏడుపొచ్చింది. తిట్టు ఒక్కటీ గుర్తు రాలేదు. వెనక తలుపు తీసుకుని నేనూ ఎక్కి కూర్చున్నాను.